పై వాటా కరెంటు

నోర్మా హెస్లప్ మా సలహా కేంద్రానికి మొదటిసారి వచ్చినప్పుడు ఒక కోటు మీద ఇంకో కోటు వేసుకుని ఉంది. తలకి ఉన్ని టోపీ. లైబ్రరీ లోపల వెచ్చగానే ఉన్నా ఆమె ఏదీ విప్పలేదు. నా ఎదురుగా కుర్చీలో కూర్చుని, చేతిసంచీలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"చూడమ్మడూ, నాకైనా పిచ్చి పట్టి ఉండాలి, ఈ కరెంటు కంపెనీకైనా పట్టి ఉండాలి. ఎవరికో తేల్చి చెప్పు, చాలు. నేను వెళ్ళిపోతాను."

అది 2022 డిసెంబరు రెండోవారం. ఇంగ్లండులో సముద్రం ఒడ్డునున్న ఈ సౌత్ షీల్డ్స్‌లో నేను కాపురం పెట్టి అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. మంగళవారాలూ శుక్రవారాలూ లైబ్రరీలో ఒక మూల కూర్చుని, బిల్లులూ అద్దెలూ పింఛన్ల గొడవలతో వచ్చేవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టడం నా పని. జీతం లేని పని. ఆ చలికాలం వచ్చినవాళ్ళలో పదిమందికి ఎనిమిదిమంది కరెంటు గురించే వచ్చారు. అందుకే ఆమె మాటలు నాకు కొత్తగా అనిపించలేదు. వినగా వినగా చెవులు మొద్దుబారతాయి. ఆ సంగతి ఇప్పుడు ఒప్పుకోక తప్పదు.

నోర్మాకి డెబ్భై ఒకటి. ఇరవై ఎనిమిదేళ్ళు బడి వంటగదిలో పనిచేసింది. ఆమె చేతి తిండి తిన్న పిల్లలు ఇప్పుడు బస్సులు నడుపుతున్నారు, చేపల దుకాణాలు పెట్టుకున్నారు. దారిలో కనిపిస్తే "నోర్మా మిస్, ఇవాళ కస్టర్డ్ ఉందా?" అని ఏడిపిస్తారు. పెళ్ళి చేసుకోలేదు. అక్క ఏవ్రిల్, తనూ కలిసి సముద్రానికి రెండు వీధుల ఇవతల ఒక కింది వాటాలో అద్దెకుండేవాళ్ళు. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకటే తీరు. పక్కపక్కనే రెండు వీధి తలుపులు. ఒకటి తీస్తే కింది వాటా, రెండోది తీస్తే పై వాటాకి మెట్లు. ఏవ్రిల్ 2020లో పోయింది. అప్పటినుంచి కింద నోర్మా ఒక్కతే.

పైన క్లిఫర్డ్ టిండిల్ అనే ఆయన ఉండేవాడు. ఎనభై మూడేళ్ళు. ఓడలు కట్టే చోట క్రేన్ తోలి రిటైరయ్యాడు. ఆయనకీ వెనకా ముందూ ఎవరూ లేరు. రెండు వేసవుల కిందట ఆయన తిన్న పీతల డొప్పలన్నీ తీసుకొచ్చి నోర్మా చెత్తడబ్బాలో పడేశాడు. ఎండకి వీధంతా కంపు. నోర్మా వీధిలో నిలబడి ఆయన్ని కడిగేసింది. ఆయన కూడా ఊరుకోలేదు.

"మీ అక్క మర్యాదస్తురాలు. పోవలసింది ఆవిడ కాదు" అన్నాడు.

ఆ మాట మీద ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. తలుపుల మధ్య మూరెడు గోడ. ఎదురుపడితే ఒకరు ఆకాశం వంకా ఒకరు నేల వంకా చూసుకుంటూ తాళాలు తీసుకునేవాళ్ళు.

కాని ఆయన రేడియో మాత్రం రోజంతా మోగేది. పై నేల చెక్కలోంచి, కింది కప్పు సున్నంలోంచి వడగట్టుకుని వచ్చేసరికి ఏ మాటా తెలిసేది కాదు. ఎవరో మనిషి మాట్లాడుతున్నారని మాత్రం తెలిసేది. అక్క పోయిన ఇంట్లో ఆ గొంతు నోర్మాకి అలవాటైపోయింది. "ఆ ముసలాడంటే నాకు గిట్టదు. వాడి రేడియో లేకపోతే నాకు అన్నం సయించదు" అని తర్వాత నాతో చెప్పింది.

సెప్టెంబరులో కంపెనీ మనిషి వచ్చి ఇద్దరి మీటర్లూ మార్చాడు. రెండు తలుపుల మధ్య గోడలో ఒక పెట్టె ఉంది, రెండు మీటర్లూ అందులోనే. పాతవి పీకి, తమంతట తామే లెక్క పంపుకునే కొత్తరకం బిగించాడు. నోర్మా చేతికి అరచేయంత తెర ఒకటి ఇచ్చి, ఎంత కరెంటు కాలుతోందో ఇందులో కనిపిస్తుందని చెప్పి వెళ్ళిపోయాడు. నెలకి ఎనభై ఆరు పౌండ్లు కంపెనీయే ఆమె బ్యాంకులోంచి తీసుకునే ఏర్పాటు అప్పటికే ఉంది. డైరెక్ట్ డెబిట్. అలా అయితే కొంచెం చవక అని ఎప్పుడో ఏవ్రిల్ సంతకం పెట్టించింది.

అక్టోబరులో ఉత్తరం వచ్చింది. మీ వాడకాన్ని బట్టి ఇకనుంచి నెలకి రెండువందల నలభై ఒకటి తీసుకుంటాం. ఆ వీధిలో గ్యాసు లేదు, వంటకీ వేడికీ అన్నిటికీ కరెంటే. అయినా ఒంటరి మనిషి. నోర్మా ఫోన్ చేసింది. నలభై నిమిషాలు పాట వినిపించాక ఒక అమ్మాయి పలికింది.

"మీ వాడకం పెరిగిందండీ."

"ఎలా పెరుగుతుందమ్మా? నేను పెరగలేదుగా! ఉన్నది ఒక్కదాన్నే."

"ఇంట్లో కొత్తగా ఎవరైనా వచ్చారాండీ?"

"ఎవరొస్తారు, దెయ్యాలా?"

అటువైపు అమ్మాయి నవ్వలేదు. కాసేపు మీటలు నొక్కిన చప్పుడు. "హీటరు కొంచెం తగ్గించి చూడండి" అంది.

నోర్మా తగ్గించింది. తర్వాత పూర్తిగా ఆపేసింది. పొయ్యి మానేసి, బఠాణీ పప్పు ముద్ద డబ్బా కొనుక్కుని రొట్టెలో పెట్టుకుని చల్లగానే తింది. స్నానానికి నీళ్ళు కాచుకోవడం వారానికి ఒకసారి అయింది. సాయంత్రాలు ఒక్క దీపం. అంత చేసినా అరచేతి తెరలో అంకె దిగలేదు. ఒకరోజు పొద్దున్నే విసుగొచ్చి ఇంట్లో మెయిన్ స్విచ్ లాగేసింది. ఫ్రిజ్ ఆగింది, గడియారం ఆగింది. తెర మాత్రం దాని బ్యాటరీ మీద వెలుగుతూ, కరెంటు కాలుతూనే ఉందని చూపించింది. ఆమె గదిలో నిలబడి తన ఊపిరి పొగలా రావడం చూసుకుంటూ ఆ అంకె వంక చూసింది. ఎవరో తన పేరు పెట్టుకుని ఎక్కడో వెచ్చగా బతుకుతున్నట్టు అనిపించిందట.

మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఒక మగగొంతు.

"అన్నీ ఆపేసినా తిరుగుతోంది బాబూ."

"ఆ తెర ఒక్కోసారి ఆలస్యంగా చూపిస్తుందండీ. దాన్ని నమ్మకండి."

"మరి బిల్లు దేన్ని నమ్మి వేస్తున్నారు?"

"మీటరునండీ."

"ఆ తెరకి చెప్పేది ఆ మీటరేగా?"

"మేడమ్, మీ ఫిర్యాదు నమోదు చేశాను. ఇంకేమైనా సహాయం కావాలా?"

డిసెంబరు అయిదున కంపెనీ ఏకంగా మూడువందల పద్దెనిమిది లాగేసుకుంది. ఆ దెబ్బకి ఖాతా ఖాళీ అయి, ఇంటి అద్దె వెళ్ళక వెనక్కి వచ్చింది. ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా అద్దె తప్పని మనిషి. బ్యాంకుకి వెళ్ళి డైరెక్ట్ డెబిట్ రద్దుచేయించి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది. ఇదంతా చెప్పింది. మెయిన్ స్విచ్ సంగతి కూడా చెప్పింది.

నేను అది రాసుకున్నాను. ఇప్పటికీ ఆ కాగితం నా దగ్గర ఉంది. 'స్విచ్ ఆపినా మీటరు తిరుగుతోందని అంటున్నారు' అని రాశాను. 'అంటున్నారు' అని. పెద్దావిడ, సరైన స్విచ్ లాగి ఉండదులే అనుకున్నాను. బుర్ర పెట్టి ఉంటే ఆ ఒక్క ముక్కతో అంతా అప్పుడే తేలిపోయేది. కంపెనీకి గట్టిగా ఒక ఉత్తరం రాశాను. 'మీ ఫిర్యాదు అందింది, ఎనిమిది వారాల్లో జవాబిస్తాం' అని వచ్చింది. ఆ ఎనిమిది వారాలూ వాళ్ళ బాకీల విభాగం మాత్రం ఆగలేదు. అటునుంచి ఎర్ర అక్షరాల ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి.

క్రిస్మస్ రోజు మా ఇంటికి రమ్మని పిలిచాను. రానంది. "ఇంట్లోనే ఉంటాను. పైవాడు రేడియో పెడతాడు, మాటలు తెలియకపోయినా రాజుగారి పండగ ఉపన్యాసం వింటాను" అంది. ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో నెల తర్వాత చెప్పింది. రెండు కోట్లూ తొడుక్కుని, దుప్పటి కప్పుకుని, ఏవ్రిల్ దాచిన సీసాలోంచి చిన్న గ్లాసుడు షెర్రీ పోసుకుని కూర్చుందట. పైన పిల్లలు కీర్తనలు పాడుతున్నట్టు వినిపించింది. ఎందుకో ఆమె మనసు మెత్తబడింది. గ్లాసు పైకెత్తి, "సరేలే ముసలాడా, నీకూ పండగే. పీతల సంగతి వచ్చే ఏడు చూసుకుందాం" అందట. పైకి వెళ్ళి తలుపు తడదామని లేచింది కూడా. వాకిట్లో మంచు జారుతోంది, చెప్పులు సరిగా లేవు. మళ్ళీ కూర్చుండిపోయింది.

జనవరిలో ఆఖరి ఉత్తరం వచ్చింది. మీరు బాకీ కట్టనందువల్ల ఇరవై ఏడో తేదీ శుక్రవారం నుంచి మీ మీటరుని ముందు డబ్బు కట్టి తర్వాత వాడుకునే పద్ధతికి మారుస్తున్నాం. ఇంటికి ఎవరూ రానక్కర్లేదు, ఇక్కడినుంచే మార్చేస్తాం. దుకాణంలో డబ్బు వేయించుకోవడానికి ఒక కార్డు కూడా జతపరిచారు. శని ఆదివారాల్లో ఆపరు. అరువుగా ఇచ్చిన పది పౌండ్లు అయిపోతే సోమవారం పొద్దున్న పదింటికి కరెంటు పోతుంది.

నేను కంపెనీకి ఫోన్ మీద ఫోన్ చేశాను. నోర్మా ఆ కార్డు వంక కూడా చూడలేదు.

"కొంచెమైనా వేయించండి నోర్మా గారూ. చలికి చచ్చిపోతారు."

"నేను వాడని దానికి నేను కట్టను. చీకట్లో కూర్చుంటాను గాని కట్టను. మా అమ్మ యుద్ధంలో చీకట్లోనే కూర్చుంది."

సోమవారం పొద్దున్న తొమ్మిదింబావుకి ఆమె ముందుగదిలో అన్నీ సర్దుకుని కూర్చుంది. ఫ్లాస్కులో టీ, టార్చిలైటు, వేడినీళ్ళ సంచీ. దీపం వేసి ఉంచింది, ఆరిపోవడం కళ్ళారా చూద్దామని. పైన రేడియోలో ఎవరో ఆడమనిషి తీరిగ్గా మాట్లాడుతోంది. గడియారం పది దాటింది. దీపం చూస్తూ కూర్చుంది.

దీపం ఆరలేదు. పైన గొంతు ఆగిపోయింది.

మాట మధ్యలో, కత్తెరేసినట్టు ఆగిపోయింది. ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో అలాంటి నిశ్శబ్దం లేదు. ఆమె దీపం వంక చూసింది, కప్పు వంక చూసింది. ఇరవై ఎనిమిదేళ్ళు నాలుగువందలమంది పిల్లలకి తిండి లెక్కలు వేసిన మనిషి, అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. తన పేరు మీద ఉన్న మీటరు పైవాటాది. తను కట్టనంటే ఆగిపోయింది ఆయన కరెంటు. ఎనభై మూడేళ్ళ మనిషి హీటరు, జనవరి నెలాఖరున, తన పంతం వల్ల ఆరిపోయింది.

పరిగెత్తింది. పక్క తలుపు దబదబ బాదింది. "టిండిల్! ఓ టిండిల్! నేను, నోర్మాని!" పలుకు లేదు. ఉత్తరాలు వేసే కంత తెరిచి లోపలికి చూసింది. కింది మెట్టు కనిపించలేదు, ఉత్తరాల గుట్ట ఉంది దాని మీద. ఆ కంతలోంచి వెచ్చటి గాలి ఆమె ముఖానికి కొట్టింది. ఆ వెచ్చదనం గురించి ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. మూడు నెలలుగా తను ఎరగని వెచ్చదనం అది, కొంచెం దుమ్మువాసనతో, మనిషి ఒంటినుంచి వచ్చినట్టుగా.

ఇంట్లోకి వచ్చి ఆ కార్డు తీసుకుని మూలమీది దుకాణానికి వెళ్ళింది. టోపీ లేదు, కాళ్ళకి ఇంటిచెప్పులే.

"ఇరవై వెయ్యి నాయనా, తొందరగా."

"కట్టనన్నావుగా నోర్మా? వీధంతా చెప్పావు."

"వెయ్యమంటుంటే!"

తిరిగొచ్చేసరికి పైన రేడియో మళ్ళీ మాట్లాడుతోంది. ఆమె కంతకి నోరు ఆనించి అరిచింది. "టిండిల్, కరెంటు వచ్చిందా? హీటరు వెలిగిందా? ఒక్కసారి పలకవయ్యా, తర్వాత తిట్టుకుందాం." రేడియోలో వాతావరణం చెబుతున్నారు. ఉత్తర సముద్రం మీద గాలులు. అంతకుమించి ఏమీ లేదు.

అప్పుడు నాకు ఫోన్ చేసింది, ఆ తర్వాత పోలీసులకి. నేను వెళ్ళేసరికి వాళ్ళు తలుపు పగలగొడుతున్నారు. ఇద్దరు పైకి వెళ్ళారు. నోర్మా నా మోచెయ్యి పట్టుకుని నిలబడింది. ఆ పట్టుకి నా చెయ్యి రెండు రోజులు నీలంగా కమిలి ఉంది.

ఒకతను కిందికి వచ్చి, "ఎవరూ లేరమ్మా" అన్నాడు.

"లేకపోవడమేమిటి? రోజూ వింటున్నాను కదా!"

ఆమెని ఆపడం ఎవరి వల్లా కాలేదు. ఆ ఉత్తరాలని తొక్కుకుంటూ పైకి ఎక్కింది, వెనక నేను. చిన్నగది. కిటికీ పక్కన వాలుకుర్చీ, దాని చేతిమీద మడత విప్పిన దుప్పటి. దీపం వెలుగుతోంది. హీటరు ఎర్రగా కాలుతోంది. కప్పులో టీ ఎండిపోయి బూజు పట్టి, ఆ బూజు కూడా ఎండిపోయింది. కుర్చీ కింద ఒక చెప్పు ఉంది, రెండోది లేదు. రేడియో కిటికీ గట్టుమీద ఉంది. అంత దగ్గరగా వింటే అందులో ప్రతి మాటా స్పష్టంగా ఉంది.

పోలీసు వైర్‌లెస్‌లో ఎవరితోనో మాట్లాడి, పేరు రెండుసార్లు చెప్పి, అటునుంచి విని, టోపీ తీశాడు. క్లిఫర్డ్ టిండిల్‌ని నవంబరు పదహారున అంబులెన్సులో తీసుకెళ్ళారు. ఆయనే ఫోన్ చేసుకున్నాడు. డిసెంబరు నాలుగున ఆసుపత్రిలో పోయాడు. బంధువులెవరూ దొరక్క ఊరి కౌన్సిల్ వాళ్ళే క్రిస్మస్ ముందు దహనం చేయించారు.

నవంబరు పదహారున నోర్మా ఇంట్లో లేదు, జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళింది. ఎదురింటివాళ్ళు అంబులెన్సుని చూశారట, ఎవరికోసమో అడగలేదు.

 నోర్మా వంగి హీటరు స్విచ్ ఆపింది, దీపం ఆపింది. రేడియో దగ్గర ఆగింది. "ఇది నువ్వు ఆపు అమ్మడూ" అంది నాతో. నేను ఆపాను.

మెట్లమీది ఉత్తరాల్లో సగానికి సగం ఆ కరెంటు కంపెనీవే. పోలీసులు పోగుచేస్తూ పైన ఉన్నది ఒకటి విప్పారు. 'శుభవార్త, టిండిల్ గారూ. మీ వాడకం బాగా తగ్గింది. ఇకనుంచి మీ డైరెక్ట్ డెబిట్ తొంభై ఏడు కాదు, ముప్ఫై ఒకటి మాత్రమే. పొదుపుగా వాడుతున్నందుకు ధన్యవాదాలు.' నోర్మా చలిలో కూర్చుని మిగిల్చిందంతా అక్కడ చేరింది. మీటర్లు మార్చిన మనిషి నంబర్లు తారుమారుగా రాశాడు, అంతే. అంతకన్నా పెద్ద రహస్యమేమీ లేదు.

కంపెనీ నుంచి ఈసారి ఒక పెద్దమనిషి తనే ఫోన్ చేశాడు. క్షమాపణ చెప్పాడు. ఎక్కువ తీసుకున్నదంతా తిరిగి ఇచ్చారు, మీద డెబ్భై అయిదు పౌండ్లు ఇచ్చారు. ఆమె ఒకటే అడిగింది.

"ఇద్దరి లెక్కా మీ దగ్గర ఉంది కదా బాబూ. రాత్రనక పగలనక ఒకే తీరుగా కాలుతుంటే, ఇక్కడ మనిషి లేడని మీకు తెలియలేదా?"

"మేము అలా చూడమండీ. అది మా పని కాదు."

"నిజమేలే" అంది నోర్మా. "నా పని కూడా కాదనుకున్నాను."

ఫిబ్రవరిలో ఆమె అడిగితే ఆసుపత్రికి తోడు వెళ్ళాను. ఆ వార్డులో మారిసెల్ అని ఫిలిప్పీన్స్ నర్సు ఉంది. పేరు చెప్పగానే ఆమెకి గుర్తొచ్చింది.

"క్రేన్ తాతేగా! ఆయన రోజూ ఒకటే గొడవ. హీటరు ఆపకుండా వచ్చేశాను, కింద నోర్మా ఉంది, ఇల్లు అంటుకుంటే పాపం ఆవిడే పోతుంది, ఆవిడకి చెప్పండి, తాళం ఇవ్వండి అని. ఆవిడ ఇంటిపేరు ఏమిటి తాతా అంటే స్కూల్లో వంట చేసేది అనేవాడు. ఇల్లు అద్దెకిచ్చినవాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేశాం, ఎవరూ ఎత్తలేదు. సందేశం పెట్టాం." ఆగి, మా ఇద్దరి ముఖాలూ చూసి, "ఆవిడ మీకు తెలుసా?" అంది.

"తెలుసు" అంది నోర్మా. "బాగానే ఉంది. ఇల్లు అంటుకోలేదు."

దారిపొడుగునా బస్సులో కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దిగబోయే ముందు మాత్రం, "వీధిలో ఆ రోజు నేనేం తిట్టానో నీకు సగమే చెప్పాను" అంది. మిగతా సగం ఇప్పటికీ చెప్పలేదు.

పై వాటా సామాను తీసేశారు. కరెంటు ఆపేశారు. మార్చిలో ఒక మధ్యాహ్నం నాకు ఫోన్ వచ్చింది, ఒకసారి వచ్చి కూర్చోమని. వెళ్ళాను. ముందుగదిలో ఇద్దరం కూర్చున్నాం. బయట ఎండగా ఉంది.

"విను" అంది, కప్పు వంక చూస్తూ.

విన్నాను. ఎక్కడో చాలా సన్నగా, మాట కాని మాటలా, ఏదో ఉన్నట్టే ఉంది.

"అది మీ ఫ్రిజ్ చప్పుడు నోర్మా గారూ."

"ఫ్రిజ్ పొద్దున్నే ఆపేశాను" అంది ఆమె.

నేను లేచి వంటగదిలోకి వెళ్ళి చూశాను. ఆగే ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది. తిరిగొచ్చి కూర్చున్నాక నాకింకేమీ వినిపించలేదు. ఆమెకి వినిపిస్తున్నట్టే ఉంది, ముఖం అలాగే పైకి పెట్టుకుని ఉంది. భయపడుతోందని అనిపించలేదు. ఎవరో తన పేరు చెబుతుంటే సరిగా వినిపించక చెవి ఒగ్గినట్టు ఉంది.

ఆ వేసవిలో పైకి కొత్తవాళ్ళు దిగారు, మంచి పిల్లలు. వాళ్ళ అడుగుల చప్పుడికి ఆమె ప్రతిసారీ లేచి నిలబడేది. అక్టోబరులో కౌన్సిల్ ఆఫీసుకి వెళ్ళి, పెద్దవాళ్ళకి కట్టిన మేడలో ఇల్లు కావాలని దరఖాస్తు పెట్టింది. ఫారం నేనే నింపాను. సముద్రం కనపడాలా, లిఫ్టు దగ్గర ఉండాలా అని అందులో గళ్ళున్నాయి. అవేవీ అక్కర్లేదంది. "నా పైన ఎవరూ ఉండకూడదు. అంతే రాయి."

ఆఖరి అంతస్తులో దొరికింది. కరెంటు డబ్బు ప్రతినెలా పోస్టాఫీసుకి నడిచి వెళ్ళి కట్టి వస్తుంది. బ్యాంకులో సంతకం పెట్టమని కంపెనీ ఎన్నిసార్లు రాసినా పెట్టలేదు.

కిందటి నెల చూడ్డానికి వెళ్ళాను. ఇంట్లో బయటి బూట్లు వేసుకుని ఉంది, గట్టి మడమలవి. ఎక్కడికైనా బయలుదేరుతున్నారా అని అడిగాను.

"లేదమ్మడూ. పొద్దున్నోసారి, సాయంత్రమోసారి ఇలా ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతాను. కింద ఒకాయన ఉన్నాడు, ఒక్కడే. నేనున్నానని తెలియాలి కదా."

"ఆయనతో మాట్లాడారా?"

"ఆయనే వచ్చాడు, రెండుసార్లు, రెండూ గురువారాలే. బూట్ల చప్పుడు భరించలేకపోతున్నాను, ఆఫీసులో ఫిర్యాదు చేస్తానని కేకలేసి వెళ్ళాడు." టీ పోసి కప్పు నా ముందుకి జరిపింది. "మళ్ళీ ఈ గురువారం వస్తాడనుకుంటున్నాను. రాకపోతే నేనే దిగుతాను."